థ్రాష్ మెటల్ లీడ్ గిటారిస్టు బతుకు ఎలా ఉంటుంది? మార్టీ ఫ్రీడ్‌మన్ మెగాడెత్‌ను వదలడం పిచ్చితనమా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. వేగమూ కరుకుదనమూ ఎక్కువైన థ్రాష్ మెటల్‌లో పేరున్న మెగాడెత్ లాంటి బ్యాండులో పదేళ్లు లీడ్ (పాట మధ్యలో గిటారు ఒక్కటే ముందుకొచ్చే సోలోలు) వాయించిన మార్టీ ఫ్రీడ్‌మన్ అదంతా వదిలేసి, జపాన్ వెళ్లి పాప్ గాయకుల వెనక నిలబడటం పిచ్చితనం కాదా అన్నది మొదటిది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ లీడ్ బాగా వాయించే మీలాంటివారు దీన్నే వృత్తిగా పెట్టుకుంటే బతుకు ఎలా ఉంటుందన్నది రెండోది.

ముందు సూటిగా చెబుతాను. పిచ్చితనం కాదు. నన్నడిగితే అతను తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ తెలివైనది అదే. ఇక రెండోదానికి జవాబు కాస్త చేదుగా ఉంటుంది. థ్రాష్ లీడ్ అనే ఒక్క పనితో ఇల్లు గడుపుకున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. అలా గడుపుకున్నవాళ్లలో కూడా కలకాలం నిలిచినవారిని చూడండి: చాలామందికి థ్రాష్ కాక మరో సంగీతం చేతిలో ఉంది, లేదా రిఫ్‌లు, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరసలు, రాసే విద్య ఉంది.

నా సంగతి క్లుప్తంగా: హైదరాబాదులో గిటారు నేర్పడం, స్టూడియోలకు వెళ్లి పాటలకు వాయించడం నా జీవనం. కాలేజీ రోజుల నుంచి మెటల్ బ్యాండ్లలో లీడ్ వాయించాను, ఇప్పటికీ పిలిస్తే వాయిస్తాను. కాబట్టి ఇక్కడ చెప్పేదాంట్లో కొంత చదివింది, కొంత విన్నది, కొంత వేళ్లకు తగిలి తెలిసింది.

థ్రాష్‌లో పాట రిఫ్‌ది. బయటి నుంచి చూసేవాళ్లకు లీడ్ గిటారిస్టే రాజులా కనిపిస్తాడు. లోపలి లెక్క వేరు. అయిదు నిమిషాల పాటలో సోలో అర నిమిషం ఉంటుంది, మహా అయితే నిమిషం. మిగిలిన సమయమంతా అతనూ రిథమే, అంటే పాటను నడిపే రిఫ్‌లే, వాయించాలి. అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, పిక్‌ను పైనుంచి కిందికి మాత్రమే కొడుతూ, నిమిషానికి రెండు వందల బీట్లు దాటిన వేగంలో సాగిపోవాలి. ముంజేయి మండిపోతుంది. సోలో వచ్చేసరికి ఆ మంటతోనే వేళ్లను పరుగెత్తించాలి. ఇంత చేసినా పాట ఎవరిదంటే రిఫ్ రాసినవాడిదే. బ్యాండు కూడా అతనిదే.

దీనికి 1983 ఏప్రిల్‌ను మించిన ఉదాహరణ లేదు. మెటాలికా అనే థ్రాష్ బ్యాండు తన లీడ్ గిటారిస్టు డేవ్ మస్టేన్‌ను తొలగించి, ఎక్సోడస్ అనే మరో బ్యాండులో వాయిస్తున్న కర్క్ హ్యామెట్‌ను తెచ్చుకుంది. మనిషిని మార్చడం ఇట్టే అయిపోయింది. కానీ అదే ఏడాది వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం 'కిల్ ఎమ్ ఆల్'లో నాలుగు పాటలకు రచయితల జాబితాలో మస్టేన్ పేరు ఇప్పటికీ ఉంది. సోలోలు వాయించే కుర్చీ చేతులు మారింది, రాసిన రిఫ్‌లు మాత్రం రాసినవాడి పేరుతోనే ఉండిపోయాయి. మస్టేన్ ఆ సంగతి బాగా గ్రహించాడనుకుంటాను. తర్వాత తను పెట్టిన మెగాడెత్‌లో రిఫ్‌లు, మాటలు, గొంతు అన్నీ తన దగ్గరే ఉంచుకున్నాడు. లీడ్ కుర్చీలో మాత్రం మనుషులు మారుతూ వచ్చారు: క్రిస్ పోలండ్, జెఫ్ యంగ్, ఫ్రీడ్‌మన్, ఆల్ పిట్రెల్లీ, గ్లెన్ డ్రోవర్, క్రిస్ బ్రోడరిక్, కీకో లౌరేరో, ఇప్పుడు టీము మాంటుసారి. అందరూ గట్టివాళ్లే, ఒక్కరూ తక్కువ కాదు. అయినా అది అద్దె ఇల్లు. అందులో అందరికంటే ఎక్కువ కాలం, 1990 నుంచి 2000 దాకా, ఉన్నది ఫ్రీడ్‌మనే.

ఇప్పుడు అతని కథలోకి వద్దాం, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు మెగాడెత్ కంటే ముందే మొదలవుతుంది.

పుట్టింది 1962 డిసెంబరు 8న, వాషింగ్టన్ డి.సి.లో. పద్నాలుగేళ్లప్పుడు కిస్ బ్యాండు ప్రదర్శన చూసి గిటారు పట్టాడు. తర్వాత హవాయి చేరాడు. అక్కడ జపాన్ మూలాలున్న జనం ఎక్కువ కాబట్టి రేడియోలో ఎంకా పాటలు వచ్చేవి. ఎంకా అంటే జపాన్‌లో పాత తరం ప్రాణం పెట్టే విషాద గీతాలు. గొంతు ఒక స్వరం మీద నిలిచి, వణికి, మెల్లగా కిందికి జారుతుంది. ఒకపక్క హవాయి అనే పేరుతోనే మెటల్ బ్యాండు నడుపుతూ, మరోపక్క ఆ గాయకుల గొంతును గిటారు మీదికి తేవాలని తంటాలు పడ్డాడు. అతని శైలికి వేరు అక్కడ ఉంది. చాలామంది మెగాడెత్ పాట 'టోర్నడో ఆఫ్ సోల్స్'లో అతని సోలో దగ్గర మొదలుపెడతారు కానీ, చెట్టును చూసి వేరును వదిలేయడం అది.

అక్కడినుంచి శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి వచ్చి, ష్రాప్నెల్ రికార్డ్స్ అనే ఆల్బంల కంపెనీ అధిపతి మైక్ వార్నీ ద్వారా జేసన్ బెకర్ అనే కుర్రవాడితో కలిశాడు. బెకర్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ కలిసి కకాఫొనీ పేరుతో 1987లో, 1988లో రెండు ఆల్బంలు చేశారు. గిటారు విద్యార్థులు ఇవాళ్టికీ వాటిని నోరెళ్లబెట్టి వింటారు, కానీ ఆ రోజుల్లో వాటితో వాళ్లకు పూట గడవలేదు. ఆ తర్వాత బెకర్ రాక్ గాయకుడు డేవిడ్ లీ రాత్ బ్యాండులోకి వెళ్లాడు, దాదాపు అదే సమయంలో అతనికి ఏ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు బయటపడింది. క్రమంగా శరీరమంతా కదలిక కోల్పోయినా, కళ్ల కదలికల ద్వారా ఇప్పటికీ సంగీతం రాస్తున్నాడు. ఫ్రీడ్‌మన్ 2014లో తెచ్చిన 'ఇన్ఫర్నో' ఆల్బంలో వాళ్లిద్దరూ కలిసి రాసిన ట్రాక్ ఉంది. వెతికి వినండి.

1988లో ఫ్రీడ్‌మన్ ఒంటరిగా చేసిన 'డ్రాగన్స్ కిస్' ఆల్బం మస్టేన్ చెవిన పడింది. 1990 ఫిబ్రవరిలో ఇతన్ని తీసుకున్నారు, అదే ఏడాది సెప్టెంబరులో 'రస్ట్ ఇన్ పీస్' వచ్చింది. ఆ ఆల్బం పాటల రచన దాదాపు మొత్తం మస్టేన్‌దే. ఫ్రీడ్‌మన్ చేతికి దక్కింది సోలోలు. అయితే ఏం సోలోలవి! 'టోర్నడో ఆఫ్ సోల్స్' సోలో రికార్డు చేశాక మస్టేన్ గదిలోకి వచ్చి మొదటిసారి విని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తనతో చేయి కలిపి వెళ్లిపోయాడని ఫ్రీడ్‌మన్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నాకు ఈ బ్యాండులో చోటు ఖాయమని అప్పుడు అనిపించింది అంటాడు.

ఆ సోలో గురించి కాస్త ఆగి చెప్పాలి, మీరు దాన్ని వాయిస్తున్నానని రాశారు కాబట్టి. అందరూ చివర్లో వచ్చే వేగం మీద పడతారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు కూడా అంతే, ముందు ఆ చివరి పరుగును చూపించి శభాష్ అనిపించుకోవాలని చూస్తారు. కష్టం మొదటి సగంలో ఉంది. కింద రిఫ్ కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మారుస్తూ పోతుంటే, పైన ఇతను ప్రతి మార్పుకూ దానికి సొంతమైన స్వరం మీదే వాలతాడు. ఏ స్కేలు వాడాలి అన్న ఆలోచన కంటే ఈ క్షణంలో కింద ఏ కార్డు మోగుతోంది అన్నదే ముఖ్యమని అతను నేర్పేటప్పుడు పదేపదే చెప్పే మాట. ఒక పని చేసి చూడండి. ఆ సోలో మొదటి సగాన్ని ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లేకుండా, డిస్టార్షన్ (ఆ బొంగురు శబ్దం) లేకుండా, సగం వేగంలో వాయించండి. పాటలా వినిపిస్తే మీకు వచ్చినట్టు. వ్యాయామంలా వినిపిస్తే ఇంకా రానట్టే.

అతని బెండ్లు, అంటే తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడం, మన చెవికి ఎందుకు దగ్గరగా ఉంటాయంటే, అతను తీగను లాగే పద్ధతి గమకానికి దగ్గరగా ఉంటుంది. మామూలు రాక్ గిటారిస్టు కింది స్వరాన్ని మీటి పై స్వరానికి లాగుతాడు. ఇతను చాలాసార్లు తీగను ముందే లాగి పట్టుకుని అప్పుడు మీటుతాడు, తర్వాత వదులుతాడు. కొన్నిచోట్ల అసలు స్వరానికి అరస్వరం కింద కాసేపు తచ్చాడి ఆఖరి క్షణంలో చేరుకుంటాడు. వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించడం, వెంటనే వేయడు. స్వరం నిలదొక్కుకున్నాక, నెమ్మదిగా. ఇక గిటారు ప్రపంచంలో అతని పేరుతో ముడిపడిపోయిన హిరాజోషి అనే జపాన్ స్కేలు ఉంది కదా, దాన్ని కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: శివరంజని స్వరాలు తీసుకుని, చతుశ్రుతి ధైవతం బదులు శుద్ధ ధైవతం పెట్టండి, అంతే. రిషభం, గాంధారం, పంచమం అవే. శివరంజనిలో కరుణ ఎంతుందో మన సినిమా పాటలు విన్న ఎవరికైనా తెలుసు. ఆ ధైవతం అరస్వరం దిగితే ఇంకెంత చీకటి కమ్ముతుందో ఇప్పుడే వాయించి చూడండి.

అతని కుడిచెయ్యి మాత్రం చూసి నేర్చుకోకండి. మణికట్టు విచిత్రంగా వంచి, అరచేయి తీగలకు ఆనకుండా పట్టుకుంటాడు. అది అతనికి అలవాటైన దారి. మనం చేస్తే నొప్పి తప్ప ఏమీ మిగలదు.

సరే, ఇన్ని ఉండగా ఎందుకు వదిలాడు? 1992లో 'కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్' అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానంలో అడుగుపెట్టింది. థ్రాష్ గడ్డ నుంచి వచ్చిన బ్యాండుకు అది మామూలు విషయం కాదు. ఆ తర్వాత ఆల్బం ఆల్బంకూ పాటలు నెమ్మదించాయి, రేడియోకు దగ్గరయ్యాయి. 1999 నాటి 'రిస్క్' దగ్గరికి వచ్చేసరికి పాత అభిమానులు మొహం తిప్పుకున్నారు. ఆ మార్పుకు ఫ్రీడ్‌మన్ పాప్ పిచ్చే కారణమని కొందరు నింద వేస్తారు. నా అభిప్రాయంలో అది ఆ దశాబ్దపు గాలి. అప్పట్లో మెటల్ బ్యాండ్లన్నీ ఏదో ఒక రకంగా తల వంచాయి. ఫ్రీడ్‌మన్ బాధ వేరే. టూర్లలో ఖాళీ దొరికితే తను వినేది జపాన్ పాప్, వేదికెక్కి వాయించేది మరొకటి. ఈ రెండింటి మధ్య దూరం పెరిగిపోయిందని తర్వాత చాలాసార్లు చెప్పాడు. 2000 జనవరిలో బయటికి వచ్చేశాడు.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అతను గాలిలోకి దూకలేదు. మెగాడెత్‌లో ఉండగానే దూరవిద్య ద్వారా జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 2003లో టోక్యోకు మకాం మార్చేనాటికి ఆ భాషలో ధారాళంగా మాట్లాడగలడు. మొదట ఐకావా నానాసే అనే గాయని బ్యాండులో వాయించాడు. ఆ తర్వాత 2005లో హెవీ మెటల్ మీద ఒక హాస్య కార్యక్రమంతో టీవీలోకి వచ్చాడు, మరుసటి ఏడాది 'రాక్ ఫుజియామా'. గిటారు తెలియని జపాన్ గృహిణులకు కూడా మొహం తెలిసినవాడయ్యాడు. పత్రికల్లో జపాన్ పాప్ మీద శీర్షికలు రాశాడు. 2012లో మొమొయిరో క్లోవర్ జెడ్ అనే అమ్మాయిల బృందం పాటలో గిటారు వాయించాడు, ఆ పాటలో అతని గిటారు వింటే థ్రాష్ ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. జపాన్ ప్రభుత్వం తమ వారసత్వ ప్రచారానికి రాయబారిగా కూడా పెట్టుకుంది. ఈ మధ్యలో సొంత ఆల్బంలు ఆగలేదు.

2023 ఫిబ్రవరి 27న మెగాడెత్ మొదటిసారి టోక్యోలోని బుడోకాన్ అనే పెద్ద హాలులో వాయించినప్పుడు ఫ్రీడ్‌మన్‌ను వేదిక మీదికి పిలిచారు. మూడు పాటలు వాయించాడు, అందులో 'టోర్నడో ఆఫ్ సోల్స్' ఒకటి. ఉద్యోగం కోసం తిరిగొచ్చిన పాత మనిషిలా లేడు, తన ఊరికి వచ్చిన పాత మిత్రులకు ఆతిథ్యమిచ్చేవాడిలా ఉన్నాడు. ఆ వీడియో చూస్తే మీ "పిచ్చితనమా" అన్న ప్రశ్నకు నా జవాబు అవసరం ఉండదు.

ఇతనొక్కడే కాదు. టెస్టమెంట్ అనే థ్రాష్ బ్యాండు లీడ్ గిటారిస్టు అలెక్స్ స్కోల్నిక్ స్కూలు వయసులోనే బ్యాండులో చేరాడు. హ్యామెట్‌లాగే ఇతనూ పేరున్న గిటారిస్టు జో సాత్రియానీ దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. 1987లో వాళ్ల మొదటి ఆల్బం వచ్చేనాటికి వయసు పద్దెనిమిది. 1990ల మొదట్లో బ్యాండు వదిలి, కొన్నేళ్లకు న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో చేరి జాజ్‌లో డిగ్రీ తీసుకున్నాడు, సొంతంగా జాజ్ త్రయం పెట్టాడు. 2005లో టెస్టమెంట్‌కు తిరిగొచ్చి ఇప్పుడు రెండూ నడుపుతున్నాడు. తిరిగొచ్చాక అతని సోలోలు ముందుకంటే బాగున్నాయని నేనంటాను, దీనిమీద మా మిత్రబృందంలో ఇంకా వాదన తెగలేదు.

గ్యారీ హోల్ట్‌ది ఇంకో దారి. ఎక్సోడస్‌లో రిఫ్‌లు రాసేవాడు అతనే కాబట్టి ఆ బ్యాండు పడినా లేచినా అతని చుట్టూనే తిరిగింది. 2011లో స్లేయర్ అనే థ్రాష్ బ్యాండు గిటారిస్టు జెఫ్ హానమన్ చేతికి కండను తినేసే ఇన్ఫెక్షన్ సోకినప్పుడు, హోల్ట్ ఆ స్థానంలో నిలబడ్డాడు. హానమన్ 2013 మే 2న కాలేయం దెబ్బతిని చనిపోయాడు, మద్యం అందులో ప్రధాన కారణం. ఈ వృత్తి గురించి రాసేటప్పుడు ఈ పేజీని చాలామంది తిప్పేస్తారు. నేను తిప్పను. రాత్రి ప్రదర్శన, తెల్లవారే దాకా బస్సు ప్రయాణం, చేతిలో ఎప్పుడూ ఒక గ్లాసు. ఇలా ఏళ్ల తరబడి గడిపితే తట్టుకునే శరీరాలు కొన్నే.

ఇక మీ విషయం.

మన దగ్గర థ్రాష్ వినేవాళ్లు లేరని నేననను. 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు హైదరాబాదు నుంచి రాత్రి బస్సుల్లో నల్ల టీషర్టులే కనిపించాయి. కానీ వినేవాళ్లు ఉండటం వేరు, నెలనెలా మీకు అద్దె కట్టిపెట్టేంత మంది ఉండటం వేరు. ఇక్కడ మెటల్ బ్యాండు ప్రదర్శనకు వచ్చే డబ్బు చాలాసార్లు ప్రయాణానికీ, రిహార్సల్ గది అద్దెకూ సరిపోతే గొప్ప. గిటారు మీద బతికేవాళ్లు పాఠాలు చెప్పి, స్టూడియోలో వాయించి, పెళ్లిళ్లలో, కంపెనీ వేడుకల్లో సినిమా పాటలు వాయించి బతుకుతున్నారు. నేనూ అంతే.

అందులో చిన్నతనమేమీ లేదు, పైగా ఆ స్టూడియోలోనే లీడ్ గిటారిస్టు విద్య బయటపడుతుంది. ఒకసారి ఒక పాట ఇంటర్‌లూడ్‌కు పిలిచారు. సంగీత దర్శకుడు నొటేషన్ ఇవ్వలేదు, శివరంజని ఛాయలో నాలుగు బార్లు (తాళంలో నాలుగు ఆవర్తాలు) గొంతుతో పాడి, "ఇక్కడ గిటారు ఏడవాలి, అరవకూడదు" అన్నాడు. ఫ్రెట్‌లు మార్చుతూ వాయిస్తే స్వరాలు మెట్లలా విడివిడిగా వినిపిస్తున్నాయి. అప్పుడు మూడో తీగ మీద ఉంగరపు వేలు పెట్టి, వెనకనున్న రెండు వేళ్ల ఆసరాతో తీగను ముందే అరస్వరం పైకి లాగి, అప్పుడు మీటి, గాంధారం నుంచి రిషభానికి మెల్లగా వదిలాను. రెండో టేక్‌కే "ఇది చాలు" అన్నారు. ఆ విద్య నాకు ఏ పాఠశాలా నేర్పలేదు, ఫ్రీడ్‌మన్ రికార్డులు వెనక్కి తిప్పి తిప్పి విన్నప్పుడు వచ్చింది. థ్రాష్ పనికిరాలేదని నేనెలా అంటాను?

దీనికి ఎదురుగా ఇంకో కేసు. నా విద్యార్థుల్లో అందరికంటే వేగంగా వాయించిన అబ్బాయికి ఒక స్టూడియోలో అవకాశం ఇప్పించాను. రెండు బార్ల సాదా రాగం, అది కూడా నిదానం. అబ్బాయికి చేయి వణికింది, లయ చూపే క్లిక్ శబ్దానికి ముందే పరుగెడుతున్నాడు. వేగం చాటున ఇన్నాళ్లు దాగిన లయలోపం అక్కడ దాగలేదు. తర్వాత కొన్ని నెలలు మెట్రోనోమ్‌తో నిదానంగా వాయించడమే పనిగా పెట్టుకుని సరిచేసుకున్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాలు బ్యాండు నడుపుతున్నాడు. ఆంప్ కూడా నాకంటే మంచిది కొన్నాడు.

కాబట్టి నా సలహాలు, ముఖ్యమైనవి మాత్రమే:

డిగ్రీ పూర్తి చేయండి. సంగీతం మీద ప్రేమ తక్కువై చెప్పడం లేదు. మొదటి కొన్నేళ్లు అద్దె కోసం నచ్చని ప్రతి పనికీ తలూపాల్సిన అవసరం లేకపోతే, మీ చేతికి సొంత గొంతు ఏర్పడే సమయం దొరుకుతుంది.

సోలోల కంటే ముందు రిఫ్‌లు రాయండి. వారానికి ఒకటి చాలు. ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి దాచండి. బ్యాండులో పాట తయారైన రోజే ఎవరు ఏం రాశారో కాగితం మీద పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడతారు, బ్యాండు విడిపోయిన రోజు ఆ మొహమాటం ఖరీదు తెలుస్తుంది.

పాడగలిగిందే వాయించండి. మీకు బాగా తెలిసిన తెలుగు పాట పల్లవి ఒకటి తీసుకుని, మొత్తం ఒకే తీగ మీద, జారుడుతో, బెండ్లతో గాయకుడి ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ వాయించండి. ఫ్రీడ్‌మన్ ఎంకాతో చేసింది ఇదే. మీ ఎంకా మీ ఇంట్లోనే ఉంది.

జపాన్ వెళ్లమని మాత్రం నేను చెప్పడం లేదు, ఆ మాట అడగకముందే చెబుతున్నాను. అతను వెళ్లింది ఆ సంగీతం మీద ప్రేమతో, ఆ భాష నేర్చుకుని. ఇక్కడ అవకాశాలు లేవని అక్కడికి పోయేవాళ్ల కథ వేరుగా ఉంటుంది.

మిగిలింది ఒళ్లు. 2002లో మస్టేన్ ఎడమ చేయి కుర్చీ మీద వేలాడేసి నిద్రపోయాడు. నరం నొక్కుకుపోయి చేయి పట్టు తప్పింది, బ్యాండునే మూసేయాల్సి వచ్చింది. నెలల తరబడి చికిత్స తీసుకుని, దాదాపు మొదటినుంచి వాయించడం నేర్చుకున్నాకే 2004లో మళ్లీ ఆల్బం తెచ్చాడు. మీరు రోజుకు ఆరు గంటలు సాధన చేస్తున్నానని రాశారు, మణికట్టు దగ్గర అప్పుడప్పుడు తిమ్మిరి అని కూడా రాశారు. ఆ రెండో వాక్యమే నన్ను భయపెట్టింది. సాధనను ముప్పావు గంట ముక్కలుగా విడగొట్టండి, మధ్యలో గిటారు కింద పెట్టి లేచి తిరగండి, పట్టీ పొడవు తగ్గించి గిటారును కాస్త పైకి తెచ్చుకోండి. మోకాళ్ల దగ్గర వేలాడే గిటారు ఫోటోలో బాగుంటుంది, ఎడమ మణికట్టుకు మాత్రం శత్రువు. రిహార్సల్ గదిలో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. తిమ్మిరి రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించండి, "గిటారు వాయిస్తాను" అని మొదటే చెప్పండి. లేకపోతే కంప్యూటర్ వల్ల వచ్చిందనుకుని మౌస్ మార్చమని పంపేస్తారు.